యూరోబీట్: ఇటలీలో పుట్టి జపానులో నిలిచిన పాట

సంగీత చరిత్ర వ్రాయువారు సామాన్యముగా మహావిద్వాంసులను గూర్చి, గొప్ప సభలను గూర్చి వ్రాయుదురు. యువజనులు సాయంకాలము పని ముగించుకొని నృత్యము చేయుటకై కట్టిన పాటలను గూర్చి వ్రాయువారు అరుదు. అట్టి పాట ఒక ఋతువులో పూచి మరు ఋతువునకు రాలిపోవునని పెద్దల అభిప్రాయము. పెక్కు పాటల విషయములో ఆ మాట నిజమే. అయితే నలువది సంవత్సరములు గడచినను రాలని పూవొకటి ఆ తోటలోనే ఉన్నది. దాని పేరు యూరోబీట్.

దీని చరిత్ర విచిత్రమైనది. పేరు ఐరోపాది. మాటలు ఆంగ్లము. కట్టినవారిలో ఎక్కువమంది ఇటలీవారు. కొన్నవారు, విన్నవారు, ఆడినవారు జపానువారు. పాడినవారిలో పలువురకు ఆంగ్లము మాతృభాష కాదు, విన్నవారికిని కాదు. పాట పుట్టిన ఊరిలో దానిని ఎరిగినవారు కొద్దిమంది; సుమారు పదివేల కిలోమీటర్ల దూరములో మాత్రము వేలాదిమంది దానికి చేతులు కదలించుచు నృత్యము చేసిరి. విమర్శకులు దీనిని కర్మాగారపు సరుకు అని నిందించిరి. ఆ నింద పూర్తిగా అసత్యమును కాదు. కొనువాని కోరిక ననుసరించి త్వరత్వరగా తయారైన పాట ఇన్నాళ్ళు ఎట్లు నిలిచినది? ఈ ప్రశ్నకు సమాధానము దాని చరిత్రలోనే వెదకవలెను.

మూలము 1977లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున కనబడును. ఇటలీ ఉత్తరపు కొండసీమలోని ఓర్తిసేయి అను ఊరిలో 1940లో జన్మించిన జార్జియో మొరోడర్ అప్పుడు మ్యూనిక్‌లో పాటలు కట్టి రికార్డు చేయుచుండెను. ఆయనయు, ఆంగ్లేయుడైన పీట్ బెల్లాట్ అను సహచరుడును కలిసి అమెరికా గాయని డోనా సమ్మర్ చేత ‘ఐ ఫీల్ లవ్’ అను పాటను పాడించిరి. అంతకు పూర్వము డిస్కో పాటకు వయొలిన్ల బృందమును, ఊదువాద్యముల బృందమును కూర్చవలసి యుండెడిది. ఈ పాటలో మాత్రము గాత్రమును, ప్రధానమైన డోలు దెబ్బను మినహాయించినచో దాదాపు అంతయు మూగ్ సింథసైజరు నుండియే వచ్చినది. సింథసైజరు అనగా తీగ మీటక, గాలి ఊదక, విద్యుత్తునే నాదముగా మలచు యంత్రము. ఒక గదిలో కూర్చుండి ఇద్దరు ముగ్గురు మనుష్యులు ఒక పెద్ద వాద్యబృందము చేయు పనిని చేయవచ్చునని ఆ పాట లోకమునకు చాటినది. యూరోబీట్‌కు ఇదియే బీజము.

రెండు సంవత్సరముల తరువాత అమెరికాలో గాలి మారినది. 1979 జులై 12న షికాగో నగరపు కమిస్కీ పార్క్ మైదానములో రెండు బేస్‌బాల్ పందెముల నడుమ డిస్కో రికార్డులను కుప్పగా పోసి ప్రేల్చివేసిరి. జనము మైదానములోనికి చొచ్చుకొని రాగా రెండవ పందెము ఆడుటకే వీలు లేకపోయినది. ఒక సంగీతముపై జనులకు కలిగిన విసుగునకు అది గురుతుగా నిలిచినది. అయితే ఐరోపాలోని నృత్యశాలలు మూతపడలేదు. అమెరికా నుండి క్రొత్త డిస్కో పాటలు వచ్చుట తగ్గినకొలది ఇటలీ యువకులు తామే పాటలు కట్టుకొనసాగిరి. వారికి యంత్రములు తోడ్పడినవి. 1983లో జపానుకు చెందిన యమహా సంస్థ డి.ఎక్స్.7 అను సింథసైజరును విడుదల చేసినది. వేరువేరు సంస్థల వాద్యయంత్రములను తీగతో కలిపి ఒకే లయలో నడపుటకు వీలు కలిగించు ‘మిడి’ అను ఏర్పాటు కూడ అదే సంవత్సరమున వచ్చినది. జపాను యంత్రములు ఇటలీకి పోయి, కొంతకాలమునకు పాటలై జపానుకు తిరిగివచ్చినవి అనినచో అతిశయోక్తి కాదు.

ఇటలీలో అట్లు పుట్టిన పాటలకు ‘ఇటలో డిస్కో’ అను పేరు జర్మనీలో ఆ రికార్డులను అమ్మిన బెర్న్‌హార్డ్ మికుల్‌స్కీ మూలముగా వ్యాపించినది. గాజిబో అను గాయకుని ‘ఐ లైక్ షోపాన్’, ర్యాన్ పారిస్ పాడిన ‘డోల్చే వీటా’ 1983 నాటివి. యంత్రముల లయ చల్లగా, కచ్చితముగా నడచుచుండగా దానిపై తీయని, కొంచెము విచారము కలిసిన వరుస సాగుట ఈ పాటల లక్షణము. ఆ విచారమే జపానువారి చెవిని ఆకర్షించినది. ‘ఐ లైక్ షోపాన్’ పాటకు యూమి మత్సుతోయా జపాను భాషలో మాటలు వ్రాయగా 1984లో అసామి కొబాయాషి పాడెను. అది అచ్చటి అమ్మకముల పట్టికలో మొదటి స్థానమునకు చేరినది.

ఈ రెండు దేశముల చెవులు ఇట్లు కలియుటకు పూర్వకారణము లేకపోలేదు. రేడియో వినువారికి ఇందులో ఒక విశేషము కలదు. 1951 జనవరి 3న జపాను జాతీయ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. ‘కోహాకు’ అను పాటల పోటీని మొట్టమొదట రేడియోలో ప్రసారము చేసినది. అదే జనవరి 29న ఇటలీ జాతీయ ప్రసార సంస్థ ‘రాయ్’ సాన్‌రెమో పట్టణము నుండి తొలి గీతోత్సవమును రేడియోలో వినిపించినది. యుద్ధములో ఓడి, కూలిన ఇండ్లను తిరిగి కట్టుకొనుచున్న రెండు దేశములు ఒకే మాసములో, ఒకదాని సంగతి మరియొకదానికి తెలియకయే, ఇంటింట పాట నింపుటకు పూనుకొనినవి. ఆ రెండు ఉత్సవములును నేటికి సాగుచున్నవి. రెండింటను ప్రధానమైనది వరుసయే. వినినవాడు మరునాడు కూనిరాగము తీయగల వరుస. 1964లో సాన్‌రెమోలో గెలుపొందిన జిల్యోలా చిన్‌క్వెత్తి పాట జపానులో ప్రీతిపాత్రమైనది. మరుసటి సంవత్సరమే జపాను గాయని యుకారి ఇతో సాన్‌రెమో వేదికపై పాడెను. కావున 1980లలో ఇటలీ నృత్యగీతములు టోక్యో చేరినపుడు అవి పరాయి ఇంటికి రాలేదు. అంతకు ముందే పరిచయమైన గడపనే మరల తొక్కినవి.

అదే కాలమున లండను నగరములో మరియొక పాయ బయలుదేరినది. మైక్ స్టాక్, మాట్ ఐట్కెన్, పీట్ వాటర్‌మన్ అను ముగ్గురు కలిసి పాటలు తయారుచేయుటకు పూనుకొనిరి. డెడ్ ఆర్ అలైవ్ బృందము పాడిన ‘యూ స్పిన్ మీ రౌండ్’ 1985 మార్చిలో బ్రిటనులో మొదటి స్థానము పొందినది; ఈ ముగ్గురకు అట్టి విజయము అదే మొదటిది. 1987లో రిక్ ఆస్ట్లీ, 1988లో కైలీ మినోగ్ వీరి పాటలతో ప్రసిద్ధికెక్కిరి. విమర్శకులు వీరి స్టూడియోను ‘హిట్ల కర్మాగారము’ అని పిలిచిరి. వెక్కిరింతయైనను ఆ పేరును వారు సంతోషముతోనే ధరించిరి. ఇటలీ నుండి వచ్చినదైనను, లండను నుండి వచ్చినదైనను జపాను దుకాణములలో ఒకే అరలో పెట్టి ‘యూరోబీట్’ అను పేరుతో అమ్మిరి. తరువాతి కాలమున ఆ పేరు ప్రధానముగా ఇటలీలో జపాను కొరకు తయారైన పాటకే మిగిలినది.

జపాను గాయనీగాయకులు ఈ పాటలను స్వభాషలోనికి తెచ్చుకొనిరి. ఆంగ్లేయ గాయని ఆంజీ గోల్డ్ పాడిన ‘ఈట్ యూ అప్’ పాటను యోకో ఒగినోమె 1985లో ‘డాన్సింగ్ హీరో’ అను పేరుతో పాడెను. మైకేల్ ఫోర్చునాటి పాడిన ‘గివ్ మీ అప్’ను 1987లో బేబ్ అను ఇద్దరు బాలికల జంట పాడినది. కైలీ మినోగ్ పాడిన ఒక పాటను 1988లో వింక్ అను మరియొక జంట జపాను భాషలో పాడి విశేషముగా పేరు పొందినది. ఆ విధముగా నృత్యశాల గుమ్మము దాటి ఈ సంగీతము ఇంటిలోని రేడియోకు, టెలివిజనుకు చేరినది.

ఇందులో ధనము పాత్రయు కలదు. 1985 సెప్టెంబరులో న్యూయార్కులోని ప్లాజా హోటలులో ఐదు సంపన్నదేశముల ఆర్థికమంత్రులు చేసికొనిన ఒడంబడిక వలన జపాను నాణెమైన యెన్ విలువ వేగముగా పెరిగినది. అప్పటికి ఒక డాలరునకు సుమారు 240 యెన్లు. 1987 చివరకు సుమారు 120 యెన్లు. విదేశపు సరుకు జపానువారికి చౌకయైనది. భూముల ధరలు, వాటాల ధరలు ఆకాశమునకు ఎగసినవి. నగరములలో నృత్యశాలలు కిటకిటలాడినవి. 1989 డిసెంబరు 29న టోక్యో వాటాల సూచి 38,915కు చేరినది. ఆ మరుసటి సంవత్సరము నుండియే పతనము మొదలైనది. ఆ బుడగను తలచుకొనిన జపానువారికి ఆనాటి యూరోబీట్ పాటలు కూడ జ్ఞాపకమునకు వచ్చును.

అదే సమయమున ఇటలీలో అభిరుచి మారినది. ‘హౌస్’ అను అమెరికా నల్లజాతివారి నృత్యసంగీతము ఇటలీ యువకులను ఆకట్టుకొనినది. ఇటలీకే చెందిన బ్లాక్ బాక్స్ బృందము ఆ ఫక్కిలో చేసిన ‘రైడ్ ఆన్ టైమ్’ 1989లో బ్రిటనులో ఆరు వారములు మొదటి స్థానములో నిలిచినది. పాత పద్ధతిలో వరుసలు కట్టువారికి స్వదేశములో కొనువారు లేకపోయిరి. అప్పుడు వారిని నిలబెట్టినది జపాను. యోకొహామాలో రికార్డులు అద్దెకిచ్చు దుకాణములో పనిచేసి అనుభవము గడించిన మసాతో మత్సూరా, మిత్రులతో కలిసి 1988లో విదేశపు రికార్డులను దిగుమతి చేయు ఏవెక్స్ సంస్థను స్థాపించెను. 1990లో ‘సూపర్ యూరోబీట్’ అను పేరుతో పాటల సంపుటముల వరుస ప్రారంభమైనది. ఒక సంపుటము వెంట మరియొక సంపుటము వెలువడి, 1999లో నూరవది, 2018లో రెండువందల ఏబదవది విడుదలయైనవి. నృత్యగీతముల వరుస ఇంత దీర్ఘకాలము సాగుట అరుదైన విషయము.

ఈ సంపుటములకు పాటలు ఎచ్చటి నుండి వచ్చెడివి? ఉత్తర ఇటలీలోని చిన్ననగరముల నుండి. బ్రెష్యాలో జాకొమో మయొలీని 1984లో నెలకొల్పిన టైమ్ రికార్డ్స్, మాంటువా ప్రాంతములో జాంకార్లో పాస్క్వీని, ఆల్బెర్టో కొంటీని నడిపిన ఏ-బీట్-సీ, వెరోనాలో మౌరో ఫరీనా, జూలియానో క్రివెల్లెంతె నడిపిన స్టూడియో - ఇవి వానిలో ముఖ్యమైనవి. షేక్స్‌పియరు నాటకమున రోమియో జూలియట్‌ల ఊరు వెరోనా. వర్జిలు మహాకవి జన్మించిన సీమ మాంటువా. అట్టి ఊరిలో కూర్చుండి టోక్యో యువతులు ఏ పాటకు నృత్యము చేయుదురో ఊహించుచు పాటలు కట్టిరి. జపాను నుండి కోరిక వచ్చును: లయ వేగము పెంచవలెను, మొదటి వరుస మరింత మెరయవలెను అని. ఇటలీవారు అట్లే చేయుదురు. ఇది బేరమే. అయితే శిల్పి కూడ గుడి కట్టించువాని కోరిక ననుసరించియే రాయి చెక్కును. కోరిక యొకరిదైనను చేతిపని శిల్పిదే కదా.

ఇందు మనస్సును కలతపెట్టు విషయమొకటి కలదు. సంపుటము పట్టికలో ఇరువది పేర్లు కనబడును. పాడినవారు అంతమంది ఉండరు. ఒకే గాయని నాలుగైదు పేర్లతో పాడును. ఒకే పేరుతో ఒక సంవత్సరము ఒకరు, మరు సంవత్సరము మరియొకరు పాడుటయు కలదు. పాస్క్వీని డేవ్ రాడ్జర్స్ అను ఆంగ్లనామముతో ప్రసిద్ధుడయ్యెను. ఇటలీలో వాస్కో రొస్సి అను ప్రఖ్యాత గాయకుని వెనుక వేదికపై స్వరము కలిపిన క్లారా మొరోని, జపానులో అనేక నామములతో యూరోబీట్ గాయనిగా వినబడెను. శ్రోత ఆ కంఠమును ప్రేమించెను. కంఠము ఎవరిదో చాలకాలము ఎరుగడు. తరువాతి తరపు అభిమానులు ఓపికతో రికార్డులను పోల్చి చూచి, ఏ మారుపేరు వెనుక ఎవరున్నారో ఒక్కొక్కటే కనుగొనిరి. ఋణము ఆలస్యముగానైనను కొంత తీరినది.

ఇక పాట కట్టడమును చూతము. లయ చతురశ్రము, ప్రతి అక్షరముపైనను డోలు దెబ్బ పడును. 1980లలో నిమిషమునకు 120, 130 దెబ్బలుగా ఉన్న వేగము 1990లలో 150 దాటినది. దెబ్బకు దెబ్బకు నడుమ మంద్రస్వరము గుఱ్ఱపు దౌడు వలె పరుగిడును. పాట మొదట గాత్రము వినబడదు. సింథసైజరుపై నాలుగైదు క్షణములలో మనస్సునకు పట్టుకొను వరుస ఒకటి మ్రోగును; మన పాటలలో పల్లవికి ముందు వచ్చు వాద్యపు బిట్టు వంటిదే, కాని ఇచ్చట అది అలంకారము కాదు, పాటకు ప్రాణము. తరువాత గాత్రము తగ్గుస్థాయిలో మొదలగును. పిమ్మట ఒక మెట్టు ఎక్కును. ఆపై పల్లవి పైస్థాయిలో విచ్చుకొనును. పల్లవి ముగియగానే మొదటి వాద్యపు వరుస తిరిగి వచ్చును. ఎక్కుట, విచ్చుకొనుట, తిరిగి వచ్చుట - ఈ మూడింటిని శ్రోత ముందే ఎరుగును, ఎరిగియు ఎదురుచూచును. తెలిసిన మలుపు రాగానే కలుగు ఆనందమే ఈ పాట ఇచ్చు ఆనందము. వేగము ఉల్లాసమును, వరుస విచారమును పలుకుచుండుటచే ఒకే పాట నవ్వుచున్నట్లును, కన్నీరు ఆపుకొనుచున్నట్లును వినబడును. వేగముగల నృత్యసంగీతములు పెక్కు ఆ కాలమున వరుసను విడిచి దెబ్బనే నమ్ముకొనినవి. యూరోబీట్ వరుసను విడువలేదు. దాని దీర్ఘాయువునకు మొదటి కారణము ఇదియే.

మాటల విషయము వేరు. ప్రేమ, రాత్రి, నిప్పు, పరుగు - ఈ నాలుగు మాటల చుట్టును పాటలు తిరుగుచుండును. ఆంగ్లవ్యాకరణము అప్పుడప్పుడు తడబడుచుండును. పండితుడు నవ్వవచ్చును. కాని అచ్చట మాట అర్థము కొరకు కాక నాదము కొరకు వచ్చినది. ఇటలీవాని నోట అచ్చులు విశాలముగా పలుకును. జపానువాని చెవికి అచ్చుతో ముగియు పలుకు సహజము. త్యాగరాజస్వామి తెలుగు కృతులను తెలుగు రాని తమిళ సోదరులు తరతరములుగా భక్తితో పాడుచు, వినుచు ఉన్నారు. ఆ మహాసంప్రదాయముతో ఈ నృత్యగీతములను సమానము చేయుట నా ఉద్దేశ్యము కాదు. భాష ఆగినచోట వరుస ముందునకు సాగగలదను సత్యము మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

రెండవ కారణము శ్రోతలే. జపాను యువజనులు ఈ పాటలను వినుటతో తృప్తిపడలేదు. ‘పారాపారా’ అను నృత్యమును కల్పించుకొనిరి. అందు పాదములు ఇటు రెండు అటు రెండు అడుగులు వేయుచుండును. పని యంతయు చేతులదే. ప్రతి పాటకును ప్రత్యేకమైన చేతి కదలికలు నిర్ణయింపబడి యుండును. అందరును ఒకే దిక్కున నిలిచి, ఒకే క్షణమున ఒకే కదలిక చేయుదురు. మన కోలాటమును ఎరిగినవారికి ఈ ఆనందము క్రొత్తది కాదు. ఒక్కడు గొప్పగా ఆడుట కాదు, పదిమందిలో తప్పక కలియుటయే అచ్చటి నేర్పు. నేర్చుకొనుటకు వీడియో టేపులు వచ్చినవి. 2000లో కొనామి సంస్థ పారాపారా ఆట యంత్రమునే నిర్మించినది. నేర్చుకొనిన చేతులు పాటను మరువవు. చెవి మరచినను చేయి జ్ఞాపకము ఉంచుకొనును.

ఆర్థికపతనము తరువాత నృత్యశాలల వైభవము నిలువలేదు. 1991లో టోక్యోలో తెరచిన ‘జూలియానా’ అను ప్రసిద్ధ నృత్యశాలలో మరింత కఠినమైన టెక్నో సంగీతము మ్రోగెను. 1994లో అదియు మూతపడినది. యూరోబీట్ పని ముగిసినదని పలువురు తలచిరి. అప్పుడు దానికి రెండు ఆశ్రయములు దొరకినవి. ఒకటి చలనచిత్ర తారల వలె వెలిగిన యువ గాయనులు. 1995 జనవరిలో పదిహేడేండ్ల నమియె అమురో, ఇటలీలో పుట్టిన ‘ట్రై మీ’ని జపాను భాషలో పాడి ప్రసిద్ధురాలయ్యెను. రెండవది ఒక బొమ్మల కథ.

షుయిచి షిగెనో 1995లో ‘ఇనీషియల్ డి’ అను బొమ్మల కథను ఒక వారపత్రికలో ప్రారంభించెను. కథానాయకుడు టకుమి ఫుజివారా అను విద్యార్థి. తండ్రికి సోయా పాలతో చేయు టోఫు దుకాణము కలదు. తెల్లవారుజామున పాత టొయోటా కారులో ఆ టోఫును కొండమీది హోటలుకు చేరవేయుట బాలుని పని. ఆ పనిలోనే అతడు వంకర కొండదారిలో కారు నడపుటయందు అసమానుడగును. కథలోని ఆకినా కొండకు మాతృక గున్మా మండలములోని హరునా కొండ. 1998 ఏప్రిలులో ఈ కథ టెలివిజనులో కదలు బొమ్మలుగా వచ్చినది. పందెము మొదలు కాగానే యూరోబీట్ పాట మొదలగును. కారు మలుపు తిరుగుటయు, పల్లవి విచ్చుకొనుటయు ఒక్కమారే జరుగును. నృత్యశాలకు ఎన్నడును పోని బాలురు ఈ కథ మూలముగా ఆ పాటలను ఎరిగిరి. కథ అనేక దేశములకు వ్యాపించినది. పాటయు దాని వెంట పోయినది. మాక్స్ కొవేరి పేరున వచ్చిన ‘రన్నింగ్ ఇన్ ది నైంటీస్’, డేవ్ రాడ్జర్స్ పాడిన ‘డేజా వూ’ - వీనిని అంతర్జాలములో నేటి పిల్లలు హాస్యపు వీడియోలకు జతచేసి నవ్వుకొనుచున్నారు. నవ్వుటకు మొదలుపెట్టినవారిలో కొందరు వినుటకు నిలిచిపోవుచున్నారు.

మన దేశమును తాకిన అలయు ఈ వంశములోనిదే. 1982లో ‘డిస్కో డాన్సర్’ హిందీ చిత్రమునకు సంగీతము కూర్చిన బప్పీ లహరి, 1986లో ‘సింహాసనము’ చిత్రముతో తెలుగువారికి ఆ లయను వినిపించెను. తెలుగు పాట యూరోబీట్ మార్గమున పోలేదు. అయినను ఆనాటి ఆ పాటలు విని పెరిగినవారికి యూరోబీట్ దూరపు బంధువు వలెనే తోచును.

2018 జూన్‌లో జపాను బృందము డా పంప్ ‘యు.ఎస్.ఏ.’ అను పాటను విడుదల చేసినది. పాఠశాల పిల్లలు సైతము దానికి ఎగిరిరి. ఆ సంవత్సరాంతమున కోహాకు వేదికపై ఆ బృందము దానిని పాడినది. క్రొత్త పాట యనుకొని విన్న పిల్లలలో పెక్కుమందికి తెలియని సంగతి యేమనగా, దాని వరుస 1992లో ఇటలీలో జో యెలో అను పేరున వెలువడిన యూరోబీట్ పాటది. సాన్‌రెమో వినుచు పెరిగిన దేశములో పుట్టిన వరుస, ఇరువదియారు సంవత్సరములు ఆగి, 1951 జనవరిలో సాన్‌రెమోతోపాటు పుట్టిన కోహాకులోనే మ్రోగినది.

అంతకు ముందు సంవత్సరము, అనగా 2017లో, ఒసాకాలోని టొమియోకా ఉన్నత పాఠశాల నృత్యబృందము ‘డాన్సింగ్ హీరో’ పాటకు ఆనాటి దుస్తులతో నృత్యము చేసినది. పాట వచ్చిన నాటికి ఆ బాలికలు పుట్టనైనను లేదు. ముప్పదిరెండేండ్ల తరువాత ఆ పాట మరల అమ్మకముల పట్టిక నెక్కినది. అయితే పట్టికలకన్న గొప్ప సంగతి గిఫు, ఐచి ప్రాంతములలో కలదు. వేసవిలో పితరులను తలచుకొని చేయు బోన్ పండుగనాడు ఊరివారు మైదానములో గుండ్రముగా తిరుగుచు నృత్యము చేయుట జపానులో అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఆ ప్రాంతములలో పాత జానపదగీతములతోపాటు ‘డాన్సింగ్ హీరో’ను కూడ వేసి, ముసలివారు, పిల్లలు, తల్లులు కలిసి ఆ వలయములో ఆడుదురు. బ్రిటనులో పుట్టిన పాటకు పితృదేవతల పండుగలో చోటు దొరకినది.

ఈ చోటనే మన ప్రశ్నకు సమాధానము దొరకును. పాట ఎవరు కట్టిరి, ఎంత త్వరగా కట్టిరి, ఎవరి సొమ్ముకు కట్టిరి అనునవి దాని పుట్టుకకు సంబంధించినవి. దాని ఆయువు మాత్రము దానిని స్వీకరించినవారి చేతిలో ఉండును. జనులు తమ పండుగలో చేర్చుకొనినది, తమ పిల్లలకు నేర్పినది నిలుచును. అయితే ఊరక చేర్చుకొనరు; పట్టుకొనుటకు వరుస ఉండవలెను. ఉత్తర ఇటలీ స్టూడియోలలో మారుపేర్ల చాటున పనిచేసినవారు ఆ వరుసను తక్కువ చేయలేదు. వినువాడు దూరమున ఉన్నాడని, మాట తెలియనివాడని, సరుకు చౌకయని తలచి చేయిజార్చలేదు. వారి పేర్లు ఆ పాటలకు ఆడువారిలో పలువురకు నేటికిని తెలియవు. మన పల్లెలలో దంపుళ్ళ పాటలు కట్టినవారి పేర్లును మనకు తెలియవు. రోలు దగ్గర ఆ పాటలను ఎత్తుకొనిన గొంతులే వానిని మనవరకు తెచ్చినవి.